ఆర్బిటల్ నవల: కొటేషన్లు లేవు, కథ లేదంటున్నారు. చదివినవాళ్లకు ఎలా అనిపించింది?

అనంతపురం పాఠకురాలు:
అందరికీ నమస్తే. మేం కొందరం ఆడవాళ్లం నెలకో పుస్తకం పెట్టుకుని, చదివాక ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటాం. ఈసారి 2024లో బుకర్ బహుమతి వచ్చిన సమంతా హార్వే నవల ఆర్బిటల్ పెట్టుకున్నాం, 136 పేజీలే కదా, అందరూ పూర్తి చేస్తారులే అని. తీరా కూర్చున్నాక సగం మంది ఇటు, సగం మంది అటు. అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు, ఒక్క రోజు, ఆ రోజులో భూమి చుట్టూ 16 చుట్లు, కథంటే అంతే. గొడవ లేదు, ప్రమాదం లేదు, ఎవరూ ఎవరినీ మోసం చేయరు. పైగా సంభాషణలకు కొటేషన్లు పెట్టలేదు ఆవిడ, అది మాట్లాడిన మాటా, మనసులో అనుకున్నదా, రచయిత్రే చెబుతోందా అన్నది కొన్నిచోట్ల వెనక్కి వెళ్లి చదివితే గానీ తేలదు. మాలో ఒకావిడ కొన్ని పేజీలకే పక్కన పెట్టేసి, ఇది నవల కాదు, టీవీలో వచ్చే సైన్సు ప్రోగ్రాం అనేసింది. ఇంకొకావిడ పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ మళ్లీ మొదటి నుంచి చదువుతోంది. నాకైతే నచ్చింది, కానీ ఎందుకు నచ్చిందని నిలదీస్తే గట్టిగా చెప్పలేకపోయాను. కొటేషన్లు తీసేస్తే నిజంగా పుస్తకానికి ఏమైనా ఒరుగుతుందా, లేక చదివేవాళ్లకు శ్రమే మిగులుతుందా? మొహమాటం లేకుండా చెప్పండి.

కర్నూలు నుంచి:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా అక్కా, నాకు నచ్చలేదు. కొటేషన్లు లేకపోవడం అసలు సమస్యే కాదు. పోర్చుగల్ రచయిత జోసె సరమాగో, 1998లో నోబెల్ వచ్చినాయన, ఆయనా కొటేషన్లు వాడడు. ఒకరి మాట అయిపోయి ఇంకొకరు అందుకుంటే మధ్యలో ఒక కామా, ఆ తర్వాత ఇంగ్లీషులో అయితే పెద్ద అక్షరం, అంతే గుర్తు. పేరా కూడా మారకుండా పేజీలు నడిచిపోతాయి, అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు, ఎందుకంటే తర్వాత ఏమవుతుందో అన్న టెన్షన్ మనల్ని లాక్కుపోతుంది. ఆర్బిటల్‌లో ఆరుగురిదీ ఒకటే గొంతు. ఆంటన్ అనుకున్నా, నెల్ అనుకున్నా, షాన్ అనుకున్నా అదే అందమైన వాక్యం. మన పాత కర్నూలు జిల్లాలోనే ఒక ఆదోని మనిషినీ, ఒక నంద్యాల మనిషినీ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించండి, కళ్లు మూసుకుని విన్నా ఎవరు ఎవరో చెప్పేస్తాం. రష్యా, జపాన్, ఇటలీ, బ్రిటన్, అమెరికా వాళ్లు ఒకే గదిలో ఉన్నప్పుడు ఇంకెంత తేడా తెలియాలి? గొంతుల్లో ఆ తేడా చూపించగలిగినప్పుడు కొటేషన్లు తీసేయొచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇక్కడ అది జరగలేదు.

కడప టీచర్:
తమ్ముడు చెప్పిన గొంతుల సంగతి నిజమే, ఒప్పుకుంటాను. కానీ మీరిద్దరూ ఆ ఆరుగురిలో ఒకరైన చియే ఊసే ఎత్తలేదు. పైన ఉండగానే జపాన్‌లో వాళ్ల అమ్మ చనిపోయిన కబురు అందుతుంది ఆమెకు, అంత్యక్రియలకు వచ్చే దారి లేదు. మా పెద్దన్న కువైట్‌లో డ్రైవర్. మా జిల్లాలో కువైట్‌కు ఎవరూ పోని వీధి వెతకాలి. అమ్మ పోయినప్పుడు ఆయనకు సెలవు ఇవ్వలేదు. వీడియో కాల్ పెట్టి, ఫోన్ చేత్తో పట్టుకుని పాడె పక్కన నడిచింది నేనే. ఇంకొంచెం పైకి పట్టు, ముఖం కనబడటంలేదు, ఇంకొంచెం పైకి, అదొక్కటే మాట దారంతా. అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల పైన ఉంటుంది, ఇంచుమించు కడప నుంచి హైదరాబాద్‌కు ఉన్నంత. దూరం లెక్కన కువైటే ఎక్కువ. చియే చేత రచయిత్రి పెద్దగా ఏడిపించలేదు. ఆమె పని ఆమె చేసుకుంటుంది, ప్రయోగానికి తెచ్చిన ఎలుకలను చూసుకుంటుంది, ఏవేవో జాబితాలు రాసుకుంటుంది. మా అన్న కూడా మరుసటి రోజు డ్యూటీకి పోయాడు. అక్కడ కొటేషన్లు పెట్టి నాలుగు శోకం మాటలు రాసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. కథ లేదన్నవాళ్లను ఆ పేజీలు ఇంకోసారి చదవమనండి.

ప్రొద్దుటూరు నుంచి:
ఒక్క మాట. కడప బ్రౌన్ గ్రంథాలయంలో పాత తాళపత్రాలు ఉన్నాయి, వీలైతే చూడండి. కామాలు, కొటేషన్లు సరే, పదానికీ పదానికీ మధ్య ఖాళీ కూడా వదలకుండా రాసేవాళ్లు అప్పట్లో. చదివేవాళ్లు పైకి చదువుతూ ఎక్కడ ఆగాలో తామే తేల్చుకునేవాళ్లు. మీవాళ్లకు కూడా ఒక అధ్యాయం పైకి చదివి వినిపించండి మేడమ్. కళ్లకు చిక్కుముడిగా ఉన్నవి చాలావరకు చెవికి విడిపోతాయి.

అనంతపురం పాఠకురాలు:
టీచర్ గారూ, మీ అన్న సంగతి చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. నాకు ఎందుకు నచ్చిందో ఇప్పుడు కొంచెం చెప్పగలను. కొటేషన్లు లేకపోయేసరికి మాట, ఆలోచన, కిటికీ అవతలి సముద్రం మూడూ ఒకే వరుసలో నడుస్తాయి, ఏదీ ముందుకు తోసుకురాదు. ఫిలిప్పీన్స్ మీదికి తుఫాను పోతుంటే పై నుంచి వీళ్లు ఫోటోలు తీయగలరే తప్ప ఏమీ చేయలేరు, వాళ్లలో ఒకడైన పియెట్రోకు అక్కడొక జాలరి కుటుంబం తెలుసు కూడా. వచ్చే ఆదివారం ఆ భాగం, చియే భాగం పైకి చదివిస్తాను.

కర్నూలు నుంచి:
తుఫాను భాగం బాగుంటుంది, అది నేనూ కాదనను అక్కా. కానీ చదివించేటప్పుడు ఆరుగురి మాటలూ ఆరుగురి చేత చదివించండి. అప్పుడు కూడా ఎవరిది ఎవరిదో తెలియకపోతే నా మాట ఒప్పుకోవాలి.