అప్‌డేట్: బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్, నా గిటార్ ట్యూనింగ్ గొడవ

పోయిన వారం అడిగాను కదా, గిటార్ తీగల శ్రుతి మామూలు కన్నా కిందికి, సి షార్ప్‌కి దించి వాయిస్తుంటే ఇంగ్లండ్ రాక్ బృందం బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌తో అస్సలు కలవట్లేదని. తప్పు నాదే. మీరు చెప్పినట్టు మామూలు ట్యూనింగ్‌కి తెచ్చాను, రెండో నిమిషంలో కుదిరింది. అంత కిందికి దించడం 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ సంగతట. నేను రెండూ కలిపేసుకున్నాను.

ఇక మొదటి ఆల్బమ్‌లోని మొదటి పాట రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న స్వరాల వరస): జి, పై జి, ఆ తర్వాత సి షార్ప్. మన లెక్కలో షడ్జమం, తారషడ్జమం, ప్రతి మధ్యమం. అంతే! మూడు స్వరాలకే ఒళ్ళు జలదరిస్తుంది. సి షార్ప్ మీద వేలు కాస్త ఊపితేనే ఆ భయం వస్తుంది, ఊరికే నొక్కి వదిలేస్తే చప్పగా ఉంటుంది.

ఆ బృందం గిటారిస్టు టోనీ అయోమీది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కేది కుడిచేత్తో. రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోతే, ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు. సన్న తీగలు వాడింది కూడా అందుకే. 1969 అక్టోబరులో ఆ మొదటి ఆల్బమ్ రికార్డింగ్ దాదాపు ఒక్క రోజులోనే కానిచ్చేశారట. నాకేమో ఒక్క రిఫ్‌కే వారం పట్టింది.