లాగ్‌బుక్‌లో అడ్రస్ మార్చుకోనివాడు టీఈ7 ఫారం వేయొచ్చా?

మిడ్‌లాండ్స్ బావ:
మా బావమరిది మాస్టర్స్ అయ్యాక ఇంగ్లండ్‌లో లెస్టర్ నుంచి కొవెంట్రీకి మారాడు. లైసెన్స్‌లో అడ్రస్ మార్పించాడు గానీ కారు లాగ్‌బుక్‌లో (రిజిస్ట్రేషన్ పత్రంలో) పాతదే ఉండిపోయింది. కారు నిలపకూడని డబుల్ ఎల్లో లైన్ మీద పెట్టినందుకు కౌన్సిల్ 70 పౌండ్ల పీసీఎన్ (పెనాల్టీ ఛార్జ్ నోటీసు) వేసిందట. ఆ తర్వాతి ఉత్తరాలన్నీ పాత ఇంటికే పోయాయి. మొన్న బెయిలిఫ్ (బాకీ వసూలు చేసేవాడు) వచ్చి తలుపు సందులోంచి కాగితం పడేసి వెళ్లాడు. మళ్లీ వస్తే కారు చక్రానికి క్లాంప్ తాళమేనట. కట్టనందుకు 70కి సగం కలిసి 105, ఉత్తరానికో ఫీజు, ఇంటికొచ్చినందుకు ఇంకో ఫీజు, మొత్తం 400 దాటింది. గడువు దాటినా వసూలు ఉత్తర్వు రద్దు చేయమని అడిగే టీఈ7, టీఈ9 ఫారాలు వేయమని కొందరు, కట్టేయమని కొందరు. మీరేమంటారు?

పాతకాపు:
కట్టేయమనండి. డీవీఎల్‌ఏ (వాహనాలు, లైసెన్సుల శాఖ) వాహన రికార్డులో ఏ అడ్రస్ ఉంటే దానికే నోటీసు పంపుతారు. అంతకు మించి కౌన్సిల్ ఏం చేయాలి, దండోరా వేయించాలా? అడ్రస్ మార్చకపోవడానికే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. పైగా అద్దం మీద టికెట్ అంటించే ఉంటారుగా!

కోవూరు కుర్రాడు:
పాతకాపు గారూ, మీరు రెండు ఫారాల్నీ కలిపేస్తున్నారు. నోటీస్ టు ఓనర్ (కారు యజమానికి కౌన్సిల్ పంపే నోటీసు) అందలేదన్నదే మీ బావమరిది టీఈ9లో చెప్పాల్సింది. తప్పెవరిదని అందులో ఉండదు. గడువు దాటాక ఎందుకు వేస్తున్నావన్నది టీఈ7 సంగతి. రెండూ నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌కి పంపాలి, పైసా ఖర్చు లేదు. తేలేదాకా వసూలు ఆగుతుంది. ఒప్పుకుంటే ఛార్జ్ సర్టిఫికెట్ (జరిమానా పెంచిన కాగితం), రికవరీ ఆర్డర్ (వసూలు ఉత్తర్వు) రద్దు, బెయిలిఫ్ ఫీజులూ పోతాయి. 70 మాత్రం పోదు, దాని మీద వాదించుకునే అవకాశం తిరిగొస్తుంది, అంతే. ఆ 70 ఎగ్గొడతానని ఎవరన్నారు?

పాతకాపు:
మరి ఆలస్యానికి కారణం ఏం రాస్తాడు? కౌన్సిల్ అభ్యంతరం చెప్పదా?

కోవూరు కుర్రాడు:
చెబుతుంది, కొట్టేసే అవకాశమూ ఉంది. అయినా ఉన్నదున్నట్టు రాయాలి. ఇల్లు మారిన తేదీ, కొత్త అద్దె ఒప్పందం, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, లైసెన్స్‌లో అడ్రస్ మార్పించిన తేదీ, బెయిలిఫ్ కాగితంతోనే విషయం తెలిసిందన్న మాట. పాత ఇంట్లో ఉన్నవాళ్లు ఉత్తరాలు ఇవ్వలేదు లాంటి కథలొద్దు. సత్యప్రమాణం కింద సంతకం పెట్టేది, అబద్ధమైతే కోర్టు ధిక్కారం. కొట్టేస్తే 14 రోజుల్లో ఎన్244 అనే కోర్టు దరఖాస్తు వేసి జడ్జి చేత చూపించుకోవచ్చు, దానికి మాత్రం ఫీజుంది.

చెరువుగట్టు:
అన్నా, నాకు సూపర్‌మార్కెట్ పార్కింగ్‌ది సీసీజే (కౌంటీ కోర్టు తీర్పు) పడింది. నేనూ టీఈ7 వేయనా?

కోవూరు కుర్రాడు:
వద్దు తమ్ముడూ. అది ప్రైవేటు కంపెనీ వేసిన సివిల్ దావా. ఆ తీర్పును సెట్ అసైడ్ (రద్దు) చేయమని ఎన్244తో అడగాలి, లేకపోతే ఆరేళ్లు క్రెడిట్ రికార్డులో కూర్చుంటుంది. కౌన్సిల్ పీసీఎన్‌కి సీసీజే ఉండదు. నీది వేరే పోస్ట్ పెట్టు.

మిడ్‌లాండ్స్ బావ:
సరే, ఈ రాత్రికే ఫారాలు నింపిస్తా. అద్దం మీద టికెట్ సంగతి కూడా రాయాలా?

కోవూరు కుర్రాడు:
అడగనిది రాయక్కర్లేదు. చూసి ఉంటే చూళ్లేదని మాత్రం రాయొద్దు. నార్తాంప్టన్ నుంచి జవాబు రాగానే దాని కాపీ బెయిలిఫ్ కంపెనీకి పంపండి, వాళ్లంతట వాళ్లు ఆగుతారని కూర్చోకండి.

పాతకాపు:
నేనింకా ఒప్పుకోలేదు. వేస్తే వేయనీండి గానీ ముందు లాగ్‌బుక్‌లో అడ్రస్ మార్పించండి. ఈలోగా ఇంకో పీసీఎన్ పడితే అదీ పాత ఇంటికే పోతుంది.