పొరుగువాడికా, పొరుగువారికా?

మూడు లాంతర్ల కుర్రాడు: మా వీధిలో అన్నదానం ఫ్లెక్సీ మీద గురజాడ "దేశమును ప్రేమించుమన్నా" గేయంలోంచి "సొంత లాభం కొంత మానుకుని పొరుగువారికి తోడుపడవోయ్" అని వేశారు. నాకు "పొరుగువాడికి" అనే గుర్తు. రాత్రి నుంచీ ఇదే తొలిచేస్తోంది.

రిటైర్డ్ మేష్టారు: ముందు ఆ "మానుకుని" సంగతి చూడు నాయనా. ఈ గేయం ఛందస్సు ముత్యాల సరం, పాదానికి మూడు నాలుగు మూడు నాలుగు మాత్రలు. "మానుకు" నాలుగు మాత్రలు, "ని" తగిలిస్తే అయిదై నడక కుంటుతుంది. వాడికి, వారికి రెండూ నాలుగే కాబట్టి అక్కడ ఛందస్సు తీర్పు చెప్పదు.

బొబ్బిలి వీణ: మరి అదే గేయంలో "చెట్టపట్టాల్ పట్టుకొని దేశస్థులంతా" అన్నచోట "ని" ఉందిగా మేష్టారూ?

రిటైర్డ్ మేష్టారు: "దే"ని పై పాదంలో కలుపమ్మా. పట్టు, కొనిదే, శస్థు, లంతా. సరిపోయిందా?

కొట్టు సామాను: నన్నడిగితే గొడవంతా "మానుకు" దగ్గరే ఉంది. లాభం గడించేసి అందులో కొంత పంచమనలేదు, ఆ లాభమే కొంత వదులుకోమన్నాడు. పెద్ద కంపెనీలు సమాజ సేవకి ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెప్పే 2 శాతం, లాభం గడించాక తీసే లెక్క. తుఫాను రోజున కొవ్వొత్తి పాత ధరకే అమ్మేవాడికి ఏ ఫ్లెక్సీ కడతారు?

సోంపేట పిల్ల: 2018 తిత్లీ తుఫానుకి మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు పడిపోతే లారీల్లో పాత బట్టలొచ్చాయి, సగం రోడ్డు పక్కనే కుప్పగా ఉండిపోయాయి. పక్కూరి నుంచి ఎనిమిది మంది రంపాలు పట్టుకొచ్చి మా తోటలో చెట్లు కోసి దారి చేశారు, వాళ్లకి గంజి మేమే పోశాం. నాకు "తోడుపడు" అంటే అదే గుర్తొస్తుంది. వాళ్లని "వారు" అని ఎవరూ అనుకోలేదు.

బొబ్బిలి వీణ: పోతన భాగవతంలో దానమిచ్చే బలికైతే వామనుడి చెయ్యి "క్రిందగుట మీదై నా కరంబుంట మేల్ గాదే" అన్నదే ఆనందం. ఇక్కడ చేతులు పక్కపక్కన. అందుకే నా ఓటు "వాడికి".

రిటైర్డ్ మేష్టారు: పై చేతిని అంత తీసెయ్యకమ్మా. మాక్స్ ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణకి డబ్బిచ్చింది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతే. గురజాడ కన్యాశుల్కం అంకితమిచ్చిందీ ఆయనకే.

కొట్టు సామాను: ఆయన కొలువులో ఉండి, ఇచ్చే చేతిని అంత దగ్గరగా చూశాడు కాబట్టే "దానం చెయ్యి" అనకుండా "తోడుపడు" అన్నాడని నా సిద్ధాంతం.

రిటైర్డ్ మేష్టారు: సిద్ధాంతాలు కొవ్వొత్తుల ధరకే అమ్ముతున్నావు బాబూ.

మూడు లాంతర్ల కుర్రాడు: ఇంతకీ వాడికా, వారికా? ఫ్లెక్సీ కట్టినాయన ఇక్కడే ఉన్నాడు, మార్పిస్తానంటున్నాడు.

రిటైర్డ్ మేష్టారు: ముందా "ని" చెరిపించు.