సీప్యాప్‌తో పాటు ఆక్సిజన్: రాత్రంతా ముక్కు ఎండిపోతోంది, బుడగల బాటిల్ ఉంచాలా తీసేయాలా?

కొర్లగుంట_కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది తిరుపతి. మా నాయనకు అరవై దాటినాయి. బీడీలు మానేసి చాలా కాలమైంది కానీ సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే ఊపిరితిత్తుల జబ్బు) మిగిలింది. దానికి తోడు గురక, స్లీప్ టెస్ట్ చేయిస్తే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం) కూడా గట్టిగానే ఉందన్నారు. రాత్రిపూట సీప్యాప్ (మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే మెషిన్), దాంట్లోకే నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ కలిపి పెట్టమని డాక్టరు రాసిచ్చారు. సీప్యాప్ ఏమో రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10, ముక్కు మాస్కు, ఆక్సిజన్‌కి గది గాలిలోంచి దాన్ని తీసిచ్చే 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్.

తెల్లవారుజామున మూడు అయ్యేసరికి ముక్కు, గొంతు, నాలుక అన్నీ ఎండిపోయి ఆయన మాస్కు పీకేస్తున్నాడు. పొద్దున చీదితే సన్నగా రక్తపు చార కనిపిస్తోంది, అది చూసినప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. మెషిన్లు తెచ్చి బిగించిన అబ్బాయి కాన్సన్‌ట్రేటర్‌కి బుడగల బాటిల్ (ఆక్సిజన్‌ని నీళ్ళలోంచి పంపి తడిపేది) కూడా తగిలించి పోయినాడు. అది రాత్రంతా గుడగుడమంటూనే ఉంటుంది, ముక్కు మాత్రం ఎండుతూనే ఉంది. పైగా ఈ చలి మొదలయ్యాక సీప్యాప్ పైపులో నీళ్ళు చేరి మొహం మీద చిమ్ముతున్నాయి. నీళ్ళు కారేంత తేమ ఉంటే ముక్కు ఎందుకు ఎండుతుందో నా బుర్రకు ఎక్కడం లేదు.

ఇంకో సంగతి నీళ్ళు. మా ఇంట్లో బోరు నీళ్ళు, అంత మంచివి కావు. ఆర్‌ఓ క్యాన్ నీళ్ళు సరిపోతాయా? బ్యాటరీ వాటర్ అంటే డిస్టిల్డ్ వాటరే కదా, దాన్నే పోసుకోండి అని పక్కింటాయన సలహా. అమ్మేమో సీప్యాప్ ఛాంబర్ (గాలిని తడిపే నీళ్ళ డబ్బా) నీళ్ళలో జిందా తిలిస్మాత్ రెండు చుక్కలు వేస్తే ముక్కు తెరుచుకుంటుంది అంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

తిరుచానూరు_మాస్టారు:

బాబూ, నేను సీప్యాప్ మనిషిని. ఆక్సిజన్ సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా చెబుతారు. ముందు ఒకటి చూడు: నాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడా? ముక్కు మాస్కు పెట్టుకుని నోరు తెరిస్తే గాలి ముక్కులోంచి పోయి నోట్లోంచి బయటపడుతూనే ఉంటుంది. మామూలుగా అయితే బయటికి వచ్చే ఊపిరిలోని తడిని ముక్కు కొంత పట్టి ఉంచుకుంటుంది, ఇక్కడ ఆ ఊపిరి ముక్కు దాకా రానే రాదు. అందుకని ముక్కు ఎండుతుంది, ఎండింది కాస్తా లోపల వాచి బిగుసుకుంటుంది, బిగుసుకునేసరికి ఆయన ఇంకా పెద్దగా నోరు తెరుస్తాడు. ఇది ఇలా తిరుగుతుండగా నువ్వు మెషిన్‌లో తేమ నంబరు చివరిదాకా, 8కి పెట్టినా పెద్దగా ఒరిగేది లేదు. నాలుక కూడా ఎండుతోంది అన్నావు చూడు, నా అనుమానం అందుకే.

పొద్దున్నే మెషిన్ తెరమీద స్లీప్ రిపోర్ట్ తెరువు. మాస్క్ సీల్ దగ్గర నవ్వు మొహం ఉంటే సరే, ఏడుపు మొహం ఉంటే లీక్ ఎక్కువని అర్థం. రెస్‌మెడ్ మెషిన్ నిమిషానికి 24 లీటర్లు దాటిన లీక్‌ని ఎక్కువ కింద లెక్కేస్తుంది. అలాగని పట్టీలు బిగించేయకు, మరీ బిగిస్తే కుషన్ మడతపడి ఇంకా కారుతుంది. కుషన్ పాతబడితే మార్చాలి. నోరు మూతపడకపోతే ముక్కూ నోరూ కలిపి కప్పే మాస్కుకి మారడమే. గడ్డం పట్టీ కొందరికి పనిచేస్తుందట, కట్టుడు పళ్ళవాణ్ణి, నాకు పనిచేయలేదు.

నీళ్ళంటావా, డిస్టిల్డ్ వాటరే. పెద్ద మెడికల్ షాపులో అడిగితే తెప్పిస్తారు. ఆర్‌ఓలో ఉప్పులు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. కాస్తే క్రిములు చస్తాయి, ఉప్పులు మాత్రం అక్కడే ఉండి ఇంకాస్త చిక్కబడతాయి. బోరు నీళ్ళు పోస్తే ఇడ్లీ పాత్ర అడుగున పట్టినట్టు ఛాంబర్‌లో తెల్ల పొర పడుతుంది, ఆ పొర మందమయ్యాక హీటర్ వేడి నీళ్ళకి సరిగా అందదు. పొర పడితే తెల్ల వెనిగర్ నీళ్ళలో కలిపి కాసేపు ఉంచి కడుగు. ఏదో ఒక రాత్రి డిస్టిల్డ్ దొరక్కపోతే కాచి చల్లార్చిన ఆర్‌ఓ నీళ్ళతో గడిపేయవచ్చు, కొంపేం మునగదు. బ్యాటరీ వాటర్ జోలికి పోవద్దు. దాంట్లో ఉప్పులు తీసి ఉంటారు, నిజమే, కానీ అది బ్యాటరీలో పోయడానికి తయారైన నీళ్ళు. మనిషి పీల్చే గాలికి పనికొచ్చేంత శుభ్రంగా నింపారని ఎవరు హామీ ఇస్తారు?

పొద్దున మిగిలినవి పారబోసి, ఛాంబర్ కడిగి ఆరబెట్టాలి. నిన్నటి నీళ్ళ మీదే కొత్తవి పోసుకుంటూ పోయే అలవాటు చాలా ఇళ్ళలో చూశాను.

ఎంఆర్_పల్లి_మామ:

మాస్టారు క్లాసు తీసుకున్నారు 🙂 నేను ఏళ్ళ తరబడి హ్యూమిడిఫయర్ (ఆ నీళ్ళ ఛాంబర్) లేకుండానే సీప్యాప్ పెట్టుకుంటున్నా, ఏమీ కాలేదు. కార్తీకం వానల్లో మన తిరుపతి గాలిలో తేమకేం కొదవ? ముక్కు ఎండేది ఏసీ వల్ల. ఏసీ కట్టేసి ఫ్యాన్ వేసుకోమనండి, ఈ డబ్బాలూ బాటిళ్ళూ అన్నీ అమ్ముకునేవాళ్ళ కోసం.

చిత్తూరు_సిస్టర్:

మామా, ఏసీ గదిలో తేమ లాగేస్తుంది, ఆ పొడిగాలినే మెషిన్ పీల్చి మళ్ళీ ముక్కులోకి తోస్తుంది, అంతవరకూ మీ మాట నిజమే. హ్యూమిడిఫయర్ లేకుండా హాయిగా పడుకునేవాళ్ళూ ఉన్నారు. కానీ ఈ పెద్దాయనకు ముక్కులోంచి రక్తం వస్తోంది, మాస్కు పీకేస్తున్నారు. మాస్కు తీసేసిన రాత్రి ఆప్నియాకూ వైద్యం లేదు, ఆక్సిజనూ లేదు.

తమ్ముడూ, నేను ఆక్సిజన్ పేషెంట్లతో పనిచేసే నర్సును. నువ్వు అడిగిన దాంట్లో అసలు చిక్కుముడి ఆ బాటిల్. ఈ లెక్క చూడు. సీప్యాప్ మాస్కుకి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి కదా, వదిలిన ఊపిరి బయటికి పోవడానికి. మెషిన్ ప్రెషర్ 10 (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి) దగ్గర వాటిలోంచే నిమిషానికి ముప్పై లీటర్లకు అటూ ఇటూ గాలి పోతూ ఉంటుంది, నోటి లీక్ దానికి అదనం. అంతటి గాలిలో మీ ఆక్సిజన్ 2 లీటర్లు. ఆ రెండింటినీ నువ్వు ఎన్ని బుడగల్లోంచి పంపినా మిగతాదంతా పొడిగా వస్తుంటే ముక్కుకి తేడా ఏం తెలుస్తుంది? పైగా బాటిల్‌లో ఉండేది చన్నీళ్ళు. 25 డిగ్రీల దగ్గర లీటరు గాలి మోయగలిగేది సుమారు 23 మిల్లీగ్రాముల తేమ. మన ఊపిరితిత్తులకు 37 డిగ్రీల దగ్గర 44 కావాలి. మిగతాది ముక్కే సర్దుకోవాలి. అదే సీప్యాప్ ఛాంబర్‌లో అయితే నీళ్ళు వేడెక్కుతాయి, మొత్తం గాలి వాటి మీదుగానే వస్తుంది.

అందుకని సీప్యాప్‌లోకి ఆక్సిజన్ కలిపినప్పుడు బుడగల బాటిల్ సాధారణంగా పెట్టరు. పెడితే ఇంకో తలనొప్పి, బాటిల్ నీళ్ళు సన్న పైపులోకి ఎక్కి ఆక్సిజన్‌కి అడ్డం పడతాయి. మూత మరలు వంకరగా పడినా ఆక్సిజన్ అక్కడే లీకైపోతుంది, కాన్సన్‌ట్రేటర్ మీద ఎన్ని లీటర్లో చూపించే గోళీ మాత్రం 2 దగ్గరే నిలబడి ఉంటుంది, చూసేవాళ్ళకు అంతా బాగున్నట్టే ఉంటుంది. బాటిల్ తర్వాత పైపుని వేళ్ళతో ఒక్క క్షణం నొక్కి పట్టుకో, బాటిల్ వాల్వ్ కూత పెట్టాలి. పెట్టలేదంటే ఎక్కడో కారుతోంది. అయినా నేను చెప్పానని నువ్వే పీకేయకు. మీ డాక్టరుకో, మెషిన్ పెట్టిన వాళ్ళ టెక్నీషియన్‌కో చూపించి తీయించు.

పగలు ముక్కు గొట్టాలతో ఆక్సిజన్ పెట్టుకునేవాళ్ళ సంగతి వేరు. అక్కడ కూడా 4 లీటర్ల లోపు బాటిల్ తప్పనిసరి ఏమీ కాదు, ఎందుకంటే పీల్చేదాంట్లో ఎక్కువ భాగం గది గాలే. ముక్కు ఎండి బాధపడుతుంటే పెట్టుకుంటారు. పెట్టుకుంటే మాత్రం రోజూ నీళ్ళు మార్చాలి, గీత దాటి నింపకూడదు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఈ బాటిళ్ళలో కుళాయి నీళ్ళు పోయడం మీద కూడా అనుమానాలు వచ్చాయి, గుర్తుందా.

ఇంకో రెండు మాటలు, ఇవి ముక్కు కంటే ముఖ్యం. వేసేటప్పుడు ముందు సీప్యాప్, ఆ తర్వాత ఆక్సిజన్. ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్, ఆ తర్వాత సీప్యాప్. తిరగేస్తే ఆక్సిజన్ మెషిన్ లోపల చేరుతుంది, అగ్గి అంటుకునే ప్రమాదం. దేవుడి గూడు అదే గదిలో ఉంటే దీపం, కర్పూరం, అగరొత్తులు వేరే గదిలోకి మార్చాల్సిందే, అమ్మ ఒప్పుకోకపోయినా. ముక్కుకి వ్యాజలీన్, కొబ్బరి నూనె, బామ్‌లు పూయొద్దు, ఆక్సిజన్ దగ్గర జిడ్డు పనికిరాదు. ఉప్పునీటి స్ప్రే కానీ నీళ్ళతో తయారైన జెల్ కానీ వాడండి. తిలిస్మాత్ చుక్కలు నీళ్ళలో వద్దే వద్దు, ఛాంబర్ పాడవుతుంది, ఆ ఘాటు రాత్రంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆయాసంగా ఉందని ఆక్సిజన్ 3కో 4కో పెంచకండి. సీఓపీడీలో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నిలిచే మనుషులు ఉంటారు, వాళ్ళకి శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88 నుంచి 92 మధ్య ఉంచమంటారు. మీ నాయనకు ఎంత ఉండాలో డాక్టరునే అడగండి. రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వాడుతున్నారా? వాడుతుంటే రక్తపు చార సంగతి ఈ వారంలోనే చెప్పండి. రుయా ఆసుపత్రి ఊపిరితిత్తుల ఓపీలో చూపించినా సరే, మీరు చూపించే డాక్టరు దగ్గరైనా సరే.

పలమనేరు_చలి:

పైపులో నీళ్ళ సంగతి నన్నడుగు అన్నా. మా ఊళ్ళో డిసెంబరు రాత్రి ఎట్లుంటుందో నీకు తెలుసు కదా. ఛాంబర్‌లో వేడెక్కిన తడిగాలి చల్లటి పైపులోకి వచ్చేసరికి ఆవిరి నీళ్ళయిపోతుంది, అంతే. అంటే తేమ బయలుదేరుతోంది, ముక్కు దాకా చేరకుండా దారిలోనే దిగిపోతోంది. మొహం మీద నీళ్ళు కారుతున్నా ముక్కు ఎండేది ఇందుకే.

మెషిన్‌ని మంచం కంటే కింద పెట్టు, చేరిన నీళ్ళు మొహం వైపు కాకుండా ఛాంబర్ వైపు జారతాయి. పైపు చుట్టూ గుడ్డ తొడుగు వేసి దుప్పటి కింద నుంచి తీసుకురా. మా ఆవిడ పాత స్వెట్టర్ చేతిని కుట్టి తొడిగింది, బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కిటికీ పక్కన, ఫ్యాన్ గాలి తగిలేచోట పైపు ఉండకూడదు. ఇవన్నీ చేసినా ఆగకపోతే వేడెక్కే పైపు కొను. ఎయిర్‌సెన్స్ 10కి క్లైమేట్‌లైన్ అని వస్తుంది, లోపల తీగ ఉంటుంది, పైపు వేడి 16 నుంచి 30 డిగ్రీల దాకా పెట్టుకోవచ్చు. ఆటో సెట్టింగ్‌లో 27 పెట్టి వదిలేస్తే తేమ అదే చూసుకుంటుంది.

చిత్తూరు_సిస్టర్:

ఆ పైపు కొనేముందు ఒకటి గమనించండి. దాని మెషిన్ వైపు మూతికి కరెంటు పిన్నులు ఉంటాయి, ఇప్పుడు మీరు మెషిన్ దగ్గర పెట్టిన ఆక్సిజన్ పైపు తగిలించే మామూలు అడాప్టర్ మధ్యలో దూరదు. ఆక్సిజన్‌కి దారి ఉన్న పైపే తీసుకోవాలి, లేదంటే అడాప్టర్ మాస్కు వైపుకి మార్చాలి. ఏది కుదురుతుందో టెక్నీషియన్‌ని అడిగి కొనండి.

కొర్లగుంట_కుర్రోడు:

సిస్టర్, మాస్టారూ, అందరికీ థ్యాంక్స్. రిపోర్ట్ తెరిచి చూశాను, ఏడుపు మొహమే. రాత్రి కూర్చుని గమనిస్తే నోరు తెరుచుకునే ఉంది, పెదాలు పటపటమని కొట్టుకుంటున్నాయి, గాలి అక్కడి నుంచే పోతోంది. టెక్నీషియన్‌ని పిలిపించి డాక్టరుకి ఫోన్ చేయించి బాటిల్ తీయించాను. ఆక్సిజన్ పైపు విప్పితే లోపల నిజంగానే నీళ్ళు నిలబడి ఉన్నాయి. పెద్ద మాస్కు ట్రయల్‌కి ఇచ్చినారు. తేమ నంబరు 4లోనే ఉంచి మెషిన్‌ని స్టూలు మీద నుంచి కిందికి దించాను. గొంతు ఇంకా కాస్త ఎండుతోంది కానీ చార కనిపించలేదు. గుండె మాత్ర ఒకటి వాడుతున్నాడు, అది కూడా డాక్టరుకి చెప్పాను, శుక్రవారం రమ్మన్నారు. దీపం గది మార్చడానికి అమ్మ రెండు రోజులు అలిగింది, అది వేరే కథ.

ఇంకొక్కటి. మొక్కు ఉందని కొండ మీద ఒక రాత్రి నిద్ర చేయాలంటున్నాడు. నీళ్ళు లేకుండా పనిచేసే చిన్న ఫిల్టర్ లాంటిది వస్తుందట కదా, అది ఈ మెషిన్‌కి పెట్టొచ్చా?

పలమనేరు_చలి:

నువ్వు చెప్పేది హ్యూమిడ్‌ఎక్స్ అనుకుంటా. అది ఎయిర్‌మినీ అనే ప్రయాణాల మెషిన్‌కే, నీ మెషిన్‌కి రాదు. నీ ఛాంబరే తీసుకుపో. కానీ బయలుదేరే ముందు దాంట్లో చుక్క నీళ్ళు లేకుండా పారబోసి, ఛాంబర్ బయటికి తీసి విడిగా సంచిలో పెట్టు. నీళ్ళతోనే కారులో పెడితే ఘాట్ రోడ్డు మలుపుల్లో అవి మోటారులోకి పోతాయి, మెషిన్ పోయినట్టే. పైన చలి ఎక్కువ, పైపు తొడుగు మర్చిపోవద్దు. డిస్టిల్డ్ వాటర్ సీసా కూడా కింద నుంచే తీసుకుపో.

చిత్తూరు_సిస్టర్:

శుక్రవారం ఎలాగూ డాక్టరు దగ్గరికి పోతున్నారు కదా, కొండ సంగతి కూడా అప్పుడే అడగండి. మెట్లు ఎక్కుతానంటే మాత్రం ఒప్పుకోవద్దు. ప్రిస్క్రిప్షన్ కాగితం చేతిలో ఉంచుకోండి, అలిపిరి దగ్గర సామాన్లు తనిఖీ చేసేటప్పుడు మెషిన్లు చూసి అడుగుతారు. కరెంటు పోతే కాన్సన్‌ట్రేటర్ ఆగిపోతుంది, ఆ కాసేపటికి చిన్న సిలిండర్ ఉండాలేమో కూడా కనుక్కోండి. కాటేజీలో ప్లగ్ పాయింటు ఎప్పుడూ మంచానికి అవతలి గోడకే ఉంటుంది, మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి సంచిలో వేసుకోండి.