సీడీ ప్లేయర్ లెన్స్: బ్రష్ డిస్కా, చేత్తో తుడవడమా?

మలక్‌పేట శ్రోత:
నాన్నగారి సీడీ ప్లేయర్ నాలుగేళ్లుగా అటక మీదే ఉంది. మొన్న దింపి త్యాగరాజ కీర్తనల సీడీ పెట్టాను. మొదటి కీర్తన బాగానే వచ్చింది, రెండోదానికి నత్తి మొదలైంది. కోఠీ గుజరాతీ గల్లీలో షాపాయన అడుగున చిన్న కుచ్చులున్న క్లీనింగ్ డిస్క్ ఇచ్చి "ఇది వేయండి సార్, సెట్ అయిపోద్ది" అన్నాడు. మా బావమరిదేమో అది వేస్తే లెన్స్ పోతుంది, మూత విప్పి తుడవమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

స్క్రూడ్రైవర్ భాయ్:
బావమరిది మాటే. డిస్క్‌ని చదివే లెన్స్ సన్నని తీగల మీద వేలాడుతూ ఉంటుంది. లోపలి అంచు దగ్గర చదువుతున్నప్పుడు డిస్క్ నిమిషానికి దాదాపు 500 సార్లు తిరుగుతుంది. ఆ వేగంతో కుచ్చు వచ్చి తగిలితే? ప్లగ్ తీసేసి, ఇయర్‌బడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క అద్ది, నొక్కకుండా తుడవండి. మూత తీసి ఉండగా ఆన్ చేసి లెన్స్‌లోకి చూడకండి, లేజర్ కంటికి కనబడదు.

అమీర్‌పేట్ ఆడియో:
చెప్పడం తేలికే భాయ్. నేనూ అలాగే విప్పి బడ్ కాస్త గట్టిగా నొక్కాను, లెన్స్ పక్కకి ఒరిగిపోయింది. ప్లేయర్ పాత సామాన్లవాడికి పోయింది. తర్వాత కొన్నదానికి రెండుసార్లు బ్రష్ డిస్కే వేశా, చక్కగా పాడుతోంది. కారు ప్లేయర్‌ని మామూలు మనిషి ఎలా విప్పుతాడు?

స్క్రూడ్రైవర్ భాయ్:
మీది పొడి దుమ్ము, అందుకే బ్రష్‌కి పోయింది. వంటింటి పక్కన హాల్లో ఉన్న ప్లేయర్‌కి పట్టేది పోపు జిడ్డు. పొడి కుచ్చు దాన్ని పులుముతుంది తప్ప తీయదు. పైగా లెన్స్ బాగా మసకబారి "నో డిస్క్" అంటోందనుకోండి, క్లీనింగ్ డిస్క్‌నీ గుర్తుపట్టదు, తిప్పదు. ఇంకేం తుడుస్తుంది? కారు విషయంలో మాత్రం మీతో వాదించను.

పాత రేడియో తాత:
వేరే సీడీ వేసి చూశావా నాయనా అని ఒక్కరైనా అడిగారా? తప్పు డిస్క్‌ది కావచ్చు. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా కాదు. డేటా గుండ్రంగానే ఉంటుంది కనుక ఆ దారి వెంట గీత పడితే పెద్ద ముక్కే పోతుంది. అడ్డగీతైతే పోయేది కొంచెమే, ప్లేయర్ లెక్కగట్టి పూడ్చుకుంటుంది. టూత్‌పేస్ట్ రాయమనే మహానుభావులు దయచేసి దూరంగా ఉండండి. అసలు భయపడాల్సింది లేబుల్ వైపు గీతలకి. కింద మిల్లీమీటరుకి పైగా ప్లాస్టిక్ కాపాడుతుంది, పైన మెరిసే అల్యూమినియం పొరకి ఉన్నది పల్చటి వార్నిష్ పూతే.

మలక్‌పేట శ్రోత:
తాతగారూ, ఇంకో మూడు వేసి చూశాను, అన్నిటికీ నత్తే. విప్పాను. బడ్ గోధుమరంగుకి తిరిగింది! ఇప్పుడు ఆ మూడూ పాడుతున్నాయి. కీర్తనల సీడీ మాత్రం రెండోదాని దగ్గరే ఆగుతోంది. లైటుకి పట్టి చూస్తే లోపలి అంచు పక్కన సూదిపొడుపుల్లా వెలుగు. నాన్నగారు లేబుల్ మీద బాల్‌పెన్‌తో గట్టిగా ఒత్తి తన పేరు రాసుకున్నారు, సరిగ్గా అక్కడే.

అమీర్‌పేట్ ఆడియో:
అయ్యో. దానికి ఏ డిస్కూ, ఏ బడ్డూ పనికిరావు. ఆ బ్రష్ డిస్క్ షాపాయనకి తిరిగిచ్చేస్తున్నారా? లేకపోతే నాకివ్వండి, కారుకి కావాలి.