సమస్య: ముసుగు దొలగగ సత్యము ముసుగు దొడిగె

వెన్నెలపాళీ, నిర్వాహకురాలు:
ఈ వారం సమస్య ఇది.

ముసుగు దొలగగ సత్యము ముసుగు దొడిగె

'ది లెజెండ్ ఆఫ్ కోరా' అనే యానిమేషన్ సిరీస్ మొదటి సీజన్ మళ్ళీ చూశాను. నీరు, నేల, నిప్పు, గాలిని ఆడించే శక్తి (బెండింగ్) కొందరికే ఉన్న లోకం అది; నాలుగింటినీ ఆడించగల ఒకే ఒక్క మనిషి అవతార్, ఇక్కడ కోరా. 2012 జూన్ 23న వచ్చిన ఆఖరి ఎపిసోడ్ దగ్గరికి వచ్చేసరికి అప్పటి కోపమే మళ్ళీ వచ్చింది. బెండింగ్ లేనివాళ్ళ సమానత్వ ఉద్యమాన్ని ముసుగేసుకుని నడిపిన అమాన్ అసలు బతుకు బయటపడ్డ చోట ఈ పాదం దానంతటదే నోటికొచ్చింది. పూరణలు ఆ ముగింపు మీదే రావాలి. లోకంలోని మోసగాళ్ళందరి మీదా రాయకండి, దానికి ఇంకో వారం ఇస్తాను.

తాటాకు:
అక్కా, మొదటి పూరణ నాది.

కడలి నీటను మచ్చయే కరగిపోయె;
నాయకుని మోము చూచిరి నగరజనులు;
సమత కోరిన పిలుపెట చనెనొ గాని
ముసుగు దొలగగ సత్యము ముసుగు దొడిగె.

అమాన్ మొహం మీది కాలిన మచ్చ రంగు పూతే. కోరా గాలిదెబ్బకు కిటికీలోంచి సముద్రంలో పడ్డాడు, పూత కడుక్కుపోయింది, మునిగిపోకుండా నీటి సుడి మీద పైకి లేచాడు. నీటి బెండరని అందరికీ తెలిసిపోయింది. అక్కడితో ఉద్యమం కూడా ఆ నీళ్ళలోనే మునిగింది. బెండింగ్ లేనివాళ్ళు పన్నెండు ఎపిసోడ్లుగా అడుగుతున్నది ఏమైందో ఎవరూ చెప్పలేదు.

నల్లకలువ:
మూడో పాదం మీద మనసు ఆగిపోయింది తాటాకు గారూ. 'పిలుపెట చనెనొ' అన్నచోట కోపం, జాలి రెండూ ఉన్నాయి. నేను వేరే దారిలో వెళ్ళాను.

ఊరి చీకటి నడిగిన యొక్క వనిత
మాట కుత్తర మీకయే మలుపు తిరిగి
కడకు జంటను గలిపిన కథయె చూడ
ముసుగు దొలగగ, సత్యము! ముసుగు దొడిగె.

ఎనిమిదో ఎపిసోడ్ గుర్తుందా? బెండింగ్ లేనివాళ్ళుండే పేటకు నగర మండలి సభ్యుడు టార్‌లాక్ కరెంటు తీయించి, కర్ఫ్యూ పెట్టి, వీధిలోకి వచ్చినవాళ్ళను పట్టించుకుపోతాడు. ఆ గుంపులోంచి ఒకావిడ కోరాను చూసి, నువ్వు మాకూ అవతార్‌వే కదా అని అరుస్తుంది. ఆమె పేరు కూడా మనకు తెలియదు. సీజన్ మొత్తంలో నాకు అన్నిటికంటే పెద్ద మాట అది. ముగింపు ఆమెకు జవాబివ్వాలి. ఇవ్వలేదు. జట్టులోని మాకో, కోరా ఒకరికొకరు ప్రేమ చెప్పుకుని ముద్దు పెట్టుకున్నారు.

గురులఘువు:
'సత్యము' అన్న మాటను కర్తగా కాకుండా ఒట్టుగా మార్చి, ముసుగు తొడిగిన నేరం కథ మీదికే తోయడం ఈ వారానికి దొరికిన అసలైన విరుపు. ఇలాంటి విరుపు ఒక్కటుంటే మిగతా మూడు పాదాలూ మామూలుగా ఉన్నా పద్యం నిలుస్తుంది. మీ మూడు పాదాలూ మామూలుగా లేవు, అది ఇంకా సంతోషం.

ఒక్క చిక్కు. 'యొక్క వనిత' అని పాదం చివర చదవగానే షష్ఠీవిభక్తి అనుకుని కళ్ళు తడబడతాయి. 'యువిద యొకతె' అంటే యతీ నిలుస్తుంది, అనుమానమూ పోతుంది.

నల్లకలువ:
మార్చుకుంటున్నాను మాస్టారూ. 'ఉవిద' ఆమెకు బాగా నప్పింది కూడా.

సాయంవేళ:
అందరూ ముసుగు దగ్గరే ఆగిపోయారు. నాకు ఆ ఎపిసోడ్‌లో రెండు కన్నీటిబొట్లు కనబడ్డాయి. పడవలో అన్నదమ్ములిద్దరూ (అమాన్, అతని అసలు పేరు నోటాక్; తమ్ముడు టార్‌లాక్) పారిపోతుంటే, టార్‌లాక్ వెనకనుంచి విద్యుత్తు చేతితొడుగు తీసి ఇంధనం టాంకు వైపు పెడతాడు. నోటాక్ వెనక్కి తిరగడు. చెంప మీద ఒక్క బొట్టు జారుతుంది, అంతే, పేలుడు. కాసేపటికి దక్షిణ ధ్రువంలో కొండ అంచున కోరా బొట్టు జారుతుంది.

అన్న కంటను జారిన దశ్రు వొకటి;
కొండ యంచున కోరాకు కూడ నొకటి;
రెండవది వరమయ్యెను నిముషమునను;
ముసుగు దొలగగ సత్యము ముసుగు దొడిగె.

గురులఘువు:
మూడో పాదంలో 'రె'కు 'ని' ఏ యతి సాయంవేళ గారూ? ఇంత మంచి దృశ్యం ఎంచుకుని, అతి తేలికైన ఛందస్సులో, సరిగ్గా పద్యం మలుపు తిరిగే చోట యతి వదిలేశారు. ఇది మొదటిసారీ కాదు. తొందర మీ పద్యాలన్నిటికీ ఉన్న జబ్బు.

తాటాకు:
'రెండవది వరమయ్యెను రెప్పపాట' అంటే సరిపోతుంది కదండీ. భావమూ బలపడుతుంది. అరగంట ఎపిసోడ్‌లోనే అమాన్ చేతిలో కోరా నీరు, నేల, నిప్పు మూడు శక్తులూ పోయాయి, అందులోనే తిరిగొచ్చాయి. కటారా లాంటి వైద్యురాలే నా వల్ల కాదని చేతులెత్తేసిన గాయం అది.

వెన్నెలపాళీ:
తాటాకు సవరణతో పద్యం నిలబెట్టాను. 'రెప్పపాట' దానికి కొత్త పదును ఇచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కోరాకు ముందటి అవతార్ ఆంగ్ కనబడి శక్తులు తిరిగిచ్చే ఆ క్షణం బొమ్మగా చాలా అందంగా ఉంటుంది. వెనక నిలబడ్డది గురువు టెంజిన్ అనుకుని కోరా తలెత్తకుండానే వెళ్ళిపొమ్మంటుంది. నన్ను పిలిచింది నువ్వే కదా అని జవాబొస్తుంది. అంత అందంగా తీసినందుకే నాకు బాధ ఎక్కువ. ఆ అమ్మాయి శక్తులు లేకుండా ఒక సీజన్ బతికి ఉంటే, బెండింగ్ లేనివాళ్ళ బతుకేమిటో అవతారే స్వయంగా అనుభవించేది. కథ అక్కడిదాకా నడిచొచ్చి, గుమ్మం ముందు నిలబడి, తలుపు తీయకుండా వెనక్కి తిరిగింది.

నల్లకలువ:
నగర పోలీసు అధికారిగా పనిచేసిన లిన్ బైఫాంగ్ మాటేమిటి? టెంజిన్ కుటుంబం తప్పించుకోవాలని తాను వెనక ఉండిపోయింది. అమాన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని కూడా రహస్యం చెప్పలేదు, తన శక్తినే ఇచ్చేసింది. ఆమెకూ చివర్లో కోరా అలా చెయ్యి వేసి తిరిగిచ్చేస్తుంది. చుట్టూ బండరాళ్ళు గాల్లోకి లేస్తుంటే నాకూ సంతోషమే వేసింది, కాదనను. కానీ ఆ త్యాగం బరువు ఆ రాళ్ళతోపాటే తేలిపోయింది.

గురులఘువు:
యతి సంగతి సరే, సాయంవేళ గారి నాలుగో పాదం మొదటి మూడింటికి అతకలేదు. కన్నీటి మీద మూడు పాదాలు నడిపి, చివర ముసుగు తెచ్చి అంటించారు. సమస్యాపూరణంలో ఇచ్చిన పాదం మన పద్యంలోంచి పుట్టినట్టుండాలి.

ఇంకోటి. శక్తి ఆకాశంనుంచి ఊడిపడిందని ఇవాళ మీరు తప్పు పడుతున్నారు. కోరాకు ముందు ఆంగ్ కథగా వచ్చిన మొదటి సిరీస్ ముగింపు మీద 'చంపకుండగ గెలిచిన జయమె జయము' అనే సమస్య ఇచ్చినప్పుడు మీరేం రాశారు? నా దగ్గర ఉంది.

నిదురలో నీది చేరిన నెలవు కదలి
పలికె సింహకూర్మము మంచి పలుకు నొకటి;
శక్తి నూడ్చెను, బతికెను శత్రు వపుడు;
చంపకుండగ గెలిచిన జయమె జయము.

2008 జులైలో వచ్చిన ఆ నాలుగు భాగాల ముగింపులో సింహకూర్మం (ఆంగ్‌కు శక్తి తీసే విద్య ఇచ్చిన సింహపు తాబేలు) కూడా సమయానికి ఊడిపడిందే. అప్పుడు మీకది మహాద్భుతం. పైగా 'పలికె', 'పలుకు' రెండూ ఒకే పాదంలో. 'మంచి' గణం నింపడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

సాయంవేళ:
ఆ పద్యం ఇవాళ కూడా నాదేనని చెప్పుకుంటాను.

సింహకూర్మం ఊడిపడలేదు గురులఘువు గారూ. ఆ సిరీస్ రెండో సీజన్‌లో ఎడారి గ్రంథాలయంలో ఆంగ్ దాని బొమ్మ చూస్తాడు. అది చిన్న ఆనవాలే, ఒప్పుకుంటాను. నా వాదన దాని మీద లేదు. చంపాలా వద్దా అని ఆంగ్ ఎంత నలిగిపోయాడో చూడండి. స్నేహితులు చంపమన్నారు. పాత అవతార్లు రోకూను, కియోషీని, కురుక్‌ను, చివరికి తనలాగే వాయుసంచారి అయిన యాంగ్‌చెన్‌ను అడిగాడు. ఎవరూ అతనికి కావలసిన జవాబు ఇవ్వలేదు. శత్రువు ఓజాయ్ శక్తి తీసే వేళ ఎర్రటి వెలుగు ఆంగ్ ఒళ్ళంతా పాకి, నీలం వెలుగు ఆరిపోయేదాకా వస్తుంది. తన ఆత్మను పణంగా పెట్టి గెలిచాడు. కోరా ఏం పెట్టింది? ఏ నిర్ణయం తీసుకున్నందుకు ఆ వరం వచ్చింది? దుఃఖించింది, వచ్చింది. నేను తప్పు పట్టేది దీన్నే.

గురులఘువు:
మరి ఆంగ్ వీపు మీది పాత గాయానికి రాయి సరిగ్గా అక్కడే గుచ్చుకుని అవతార్ స్థితి (శక్తులన్నీ పొంగే స్థితి) తిరిగి రావడం? దానికి ఏ పణం పెట్టాడు? సింహకూర్మాన్ని మీరు కాపాడగలరేమో గానీ ఆ రాయిని కాపాడలేరు.

సాయంవేళ:
ఆ రాయిని కాపాడను. అది నాకూ నచ్చలేదు. అందుకే నా పద్యంలో దానికి చోటివ్వలేదు.

నాలుగో పాదం అతకలేదన్నారు కాబట్టి ఇంకోటి ఇస్తున్నాను. అమాన్ కుడిభుజంగా ఉన్న లెఫ్టినెంట్ మీద.

నమ్మి కొలిచిన యనుచరు నరము లందు
రక్తమే పగ్గమై లాగె రాక్షసముగ;
నటన వాడిది, వేదన నగరిది గద!
ముసుగు దొలగగ సత్యము ముసుగు దొడిగె.

తాటాకు:
సాయంవేళ గారూ, నా పద్యం పక్కకు జరిపి దీన్ని ముందు పెట్టండి. 'నటన వాడిది, వేదన నగరిది'. నేను మూడు పాదాల్లో చెప్పబోయింది మీరు ఒక్క పాదంలో చెప్పేశారు. నాయకుడు అబద్ధమైతే ఉద్యమం అబద్ధం ఎలా అవుతుంది? ఆ ప్రశ్న అడగడానికి కథలో మిగిలిన ఒక్క మనిషీ లెఫ్టినెంటే. జీవితమంతా ఇచ్చానని అమాన్ మీదికి దూకుతాడు. అమాన్ అతని ఒంట్లో నెత్తుటినే మెలిపెట్టి పక్కకు విసిరేస్తాడు. కథ కూడా అదే చేసింది, ఆ తర్వాత అతని ఊసే లేదు.

నల్లకలువ:
'రక్తమే పగ్గమై' చదివి రక్తబెండింగ్ దృశ్యం మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. వేళ్ళు వంకరపోయి, కాళ్ళు తనవి కానట్టు ఈడ్చుకుపోవడం. ఈ వారం నా ఓటు దీనికే.

గురులఘువు:
యతులన్నీ చూశాను, గణాలూ చూశాను. నడక బాగుంది. రెండో పాదంలో మూడు చోట్ల బిగిసిన ఒత్తులు నిజంగా లాగుతున్నట్టే వినిపించాయి. ఈ మాట సాయంవేళ గారి పద్యానికి నేను ఇంతకుముందు అన్లేదు.

కాకపోతే 'నగరి' అంటే నాకు ముందు తట్టేది రాజుగారి మేడ. 'వేదన మేడది' అని చదువుకుంటే అర్థం తలకిందులవుతుంది.

వెన్నెలపాళీ:
పట్టణమనే అర్థమూ ఉంది మాస్టారూ, సంస్కృతంలో అదే మొదటి అర్థం. పైన కథ జరిగే ఊరు రిపబ్లిక్ సిటీ గురించే మాట్లాడుతున్నాం కాబట్టి ఎవరూ మేడ అనుకోరు. పద్యం ఉన్నదున్నట్టే ఉంచుతున్నాను.

గురులఘువు:
ఉంచండి. కానీ అందరూ ఒక సంగతి మరిచిపోతున్నారు. ఇది మొదట 12 ఎపిసోడ్లకే అనుకున్న కథ. తర్వాతి సీజన్లు ఉంటాయని తెలియకుండా ముగింపు రాస్తే నాయిక చేతికి శక్తి ఇచ్చి పంపాలనే ఎవరికైనా అనిపిస్తుంది. రెండో సీజన్‌కి వచ్చేసరికి నగరాన్ని ఏలిన పాత మండలి పోయి, బెండింగ్ లేని రైకో ఎన్నికైన అధ్యక్షుడిగా కనిపిస్తాడు. నల్లకలువ గారు అడిగిన జవాబు అక్కడుంది కదా.

నల్లకలువ:
లేదు మాస్టారూ. ఆ మార్పు ఎలా వచ్చిందో మనకు చూపించలేదు. ఎవరు పోరాడారు, మండలిలో ఎవరు అడ్డుపడ్డారు, కరెంటు తీయించిన పేటలో ఏమనుకున్నారు, ఇవేవీ లేవు. రెండు సీజన్ల మధ్య ఖాళీలో జరిగిపోయింది. అంత పెద్ద సంగతి తెర వెనక జరిగితే దాన్ని జవాబనలేం. 12 ఎపిసోడ్లకే అనుకున్నారంటే నా ఫిర్యాదు ఇంకా పెరుగుతుంది. ఉన్న సమయంలో బెండింగ్ ఆటల పందాలకూ ప్రేమ చిక్కులకూ అన్ని నిమిషాలు ఇవ్వగలిగినవాళ్ళు ఆవిడకు ఒక్క నిమిషం ఇవ్వలేకపోయారా?

సాయంవేళ:
బెండింగ్ పందాల జోలికి రాకండి, ఆ ఎపిసోడ్లు నాకు ప్రాణం. అమాన్ మొదటిసారి బహిరంగంగా ఛాంపియన్ల శక్తులు తీసేసింది ఆ పందెం మైదానంలోనే. అది లేకపోతే భయం ఊరంతటికీ ఎక్కేది కాదు.

గురులఘువు:
ఈ ఒక్కదానికి సాయంవేళ గారితో ఏకీభవిస్తాను.

వెన్నెలపాళీ:
పూరణలకు ఆదివారం దాకా గడువుంది. రైకో మీద వాదన సాగాలంటే వచ్చే వారం రెండో సీజన్ మీదే పాదం ఇస్తాను, ఈసారి కందంలో. సాయంవేళ గారూ, నల్లకలువ గారూ, అప్పటిదాకా ఆ మాటలు పద్యాల్లోకి దాచుకోండి.