ఇనుము విరిగెనేని: రెండో పాదం "క్రమముగాను"నా, "కమ్మరీడు"నా?

పద్యప్రియ: వేమన్న "ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు" పద్యం రెండో పాదం నా నోట "కాచి యతుకవచ్చు క్రమముగాను" అనే వస్తుంది. "కాచి యతుకనేర్చు కమ్మరీడు" అనే వాళ్లూ ఉన్నారు. ఏది సరైన పాఠం?

ఆటవెలది: ఛందస్సు తేల్చదండీ. రెంటిలోనూ అయిదు సూర్యగణాలు కుదురుతాయి, యతీ చెల్లుతుంది. "నేర్చు"కు కర్త కావాలి గనక నా మొగ్గు కమ్మరీడికే.

కొలిమి: నాది క్రమానికి. కొలిమి అతుకు ఒక్క కాకతో కుదరదు. వెలిగారం చల్లి, కాచి, సమ్మెట వేసి, చల్లారకముందే మళ్లీ నిప్పుల్లో పెట్టాలి. ఇనుమారు ముమ్మారు అన్నది అందుకే.

ప్రెస్‌షాప్: అతకడం సరే, అతికిన రేకు సాగుతుందా అన్నది వేరే లెక్క. కారు తలుపు లోపలి రేకు కోసం 0.8, 1.2 మి.మీ. షీట్లను అంచుకు అంచు చేర్చి లేజర్‌తో అతికి, ఆపైన డైలో (అచ్చులో) నొక్కుతారనుకోండి. వెల్డుకు అడ్డంగా లాగితే రెండు షీట్ల మీదా పడే బలం ఒకటే. మందం తక్కువ గనక పల్చటి దాంట్లో ఒత్తిడి 300 మెగాపాస్కల్‌కు చేరి తెగబోతుంటే దళసరి దాంట్లో 200 మాత్రమే. డీసీ04 లాంటి మెత్తటి ఉక్కు లొంగడం (తిరిగి రాకుండా సాగడం) మొదలుపెట్టేదే దాదాపు అక్కడ. అందుకే సాగుడంతా పల్చటి వైపే. వెల్డు దళసరి వైపు జరుగుతుంది, చిరుగు వెల్డు పక్కనే దానికి సమాంతరంగా పడుతుంది. మందాల తేడా పెరిగేకొద్దీ ఇంకా తొందరగా.

వెల్డు పొడవునా లాగితే మాత్రం వెల్డే ముందు పోతుంది. గబుక్కున చల్లారి గట్టిపడిన ఆ సన్నటి గీత షీటుతో సమానంగా సాగలేదు. పగులు దానికి అడ్డంగా వస్తుంది.

ఆటవెలది: మరి విరుగుడు?

ప్రెస్‌షాప్: నొక్కేటప్పుడు షీటు అంచుల్ని పట్టి ఉంచే బ్లాంక్ హోల్డర్‌లో మందాల తేడాకు సరిపడా మెట్టు ఉండాలి, లేకపోతే పల్చటి వైపు పట్టు దొరక్క ముడతలు పడతాయి. దళసరి వైపు పట్టు కొంచెం వదిలితే ఆ షీటు లోపలికి జారి, పల్చటి దాని మీద లాగుడు తగ్గుతుంది. వెల్డు గీతను లోతైన మూలలకు దూరంగా పెట్టాలి.

కొలిమి: డీపీ 980 లాంటి గట్టి ఉక్కుల్లో ఇంకో చిక్కుంది. వెల్డు పక్కన వేడి తగిలిన పట్టీ మెత్తబడి అక్కడే తెగుతుంది. అక్కడ ముమ్మారు కాచడం చేటు. క్రమమంటే ఎంత వేడి, ఎన్నిసార్లు అన్న లెక్కే కదా!

ఆటవెలది: అది అర్థానికి బలం, పాఠానికి కాదు. మూడో పాదం "మనసు విరిగెనేని మరి యంటనేర్చునా" చూడండి. పైన నేర్చు, కింద నేర్చునా. ఆ జోడింపు వేమన్న కావాలని పెట్టిందే.

పద్యప్రియ: నాకు వచ్చిన పాఠంలో అక్కడ "అంటవచ్చునా" అండీ. జోడీ దీనికీ కుదిరింది!